ఇద్దరు అమలమ్మలు

ఆ శనివారం ఉదయం గుణదల కొండ కింది సందులోని ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన బాలశౌరి, ఆయన భార్య అమలమ్మ, కొడుకు ఆమోసు, కోడలు హెప్సిబా, కూతురి కూతురు లూర్దు. అమలమ్మ లెక్కలో మాత్రం ఆరుగురు. ముందు గది గోడకున్న చెక్క గూట్లోని మేరీమాతను ఆవిడ ఇంట్లో మనిషి కిందే జమకట్టేది. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి దగ్గర్నుంచి కొడుకు ప్రమోషన్ దాకా ఏదైనా ముందు ఆ గూటికి చెప్పి, ఆ తర్వాతే మిగతావాళ్ళకు చెప్పేది.

ఆ ఆరుగురిలో తక్కువ మాట్లాడేది మాత. ఆమె తర్వాత లూర్దు. నాగాయలంక దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్ కోసం అమ్మమ్మగారింటికి వచ్చింది. కాలేజీలో ఆమె పేరు ఎవరికీ తెలియదు. "ఆ జడమ్మాయి" అంటే మాత్రం అందరికీ తెలుసు. నడుము దాటిన ఆ జడ తన బదులు మాట్లాడుతోందని, కాబట్టి తను నోరు విప్పే అవసరం లేదని లూర్దు ధైర్యం. ఆమెకున్న ధైర్యం మొత్తం అదే.

తాతయ్య దగ్గర రీలు వేసే పాత జపాన్ కెమెరా ఒకటి ఉంది. దాని చిన్న కిటికీలో కన్ను పెడితే ఎదుటి మనిషి పక్కనే అదే మనిషి పల్చటి బొమ్మ ఇంకొకటి కనిపిస్తుంది. ముందున్న రింగు తిప్పుతూ పోతే రెండూ జరిగి జరిగి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు నొక్కితేనే ఫోటో స్పష్టంగా వస్తుంది. "ఇద్దరూ ఒకటయ్యాకే నొక్కాలి. సంసారానికీ ఇదే సూత్రం" అనేవాడు తాతయ్య, అమలమ్మకు వినపడేలా. ఏటా ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు కొండ మెట్ల మీద ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఆ కెమెరాతో ఫోటో తీస్తేనే ఆయనకు పండగ అయినట్టు.

ఈ ఏడు ఆ కిటికీ మసకబారింది. గవర్నర్‌పేటలో ఒక షాపుకు తీసుకెళ్తే, షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అద్దాల బీరువాలో పెట్టుకోండి బాబాయిగారూ, అందంగా ఉంటుంది" అన్నాడట. తాతయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే లూర్దు ఆ శనివారం ఒక పని పెట్టుకుంది. తాతయ్య ఉదయం పూజకు గుడికి వెళ్ళి వచ్చేలోగా కెమెరా పై మూత విప్పాలి, లోపలి అద్దం తుడవాలి, మళ్ళీ బిగించి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ఎలా విప్పాలో ఫోన్‌లో వీడియో చూసింది. అందులో అతను ఏ దేశం భాషో మాట్లాడుతున్నాడు. చేతులు కనపడుతున్నాయి కదా, చాలనుకుంది. మామయ్య కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవర్ తీసుకుంది. మూత వచ్చింది. మసక పోయింది. కిటికీ కడిగిన గాజు గ్లాసులా తళతళలాడింది. అక్కడితో చేతులు కట్టుకుని ఉంటే బాగుండేది.

కానీ లూర్దుకు ఒక అలవాటుంది. వదులుగా కనపడింది ఏదైనా సరే బిగించాలి. నులకమంచమైనా, బకెట్ చెవి అయినా, పక్కింటివాళ్ళ సైకిల్ బెల్లయినా. కెమెరా లోపల ఒక బుల్లి స్క్రూ సగం పైకి తేలి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఊగిసలాడుతోందో పాపం అనుకుని దాన్ని చివరిదాకా తిప్పేసింది. రెండు బొమ్మలనూ ఒకచోటికి చేర్చేది ఆ స్క్రూయేనని, అది అలా తేలి ఉండటమే దాని ఉద్యోగమని వీడియోలో అతను చెప్పే ఉంటాడు.

తాతయ్య వచ్చాడు. అమలమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన కెమెరా కంటికి పెట్టుకుని, కిటికీ తేటపడిందని మురిసిపోయాడు. రింగు తిప్పాడు. ఇటు చివరిదాకా తిప్పాడు. అటు చివరిదాకా తిప్పాడు.

"అమలా, కదలకు."

"కదలట్లేదండీ."

"ఇద్దరున్నావు."

"ఒక్కదాన్ని పెట్టుకునే ఇంతకాలం మూలిగారు. ఇద్దరైతే ఎట్లా వేగుతారు?"

తాతయ్య నవ్వలేదు. కిందటేడు ఆయనకు కంటి శుక్లం తీశారు. ఒకటి రెండుగా కనపడితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మని డాక్టరు చెప్పి పంపాడు. ఆయన కెమెరా కిందికి దించి, చిక్కుడుకాయల పక్కనే మెల్లగా కూలబడ్డాడు.

కెమెరాలో తేడా వచ్చిందేమోనని ఆమోసు అన్నాడు. ఇంట్లో ఎవరైనా తెలివైన మాట అన్నది ఆ వారంలో అదొక్కటే.

"కొన్ననాటి నుంచి దీని మూత ఒక్కడూ విప్పలేదు" అన్నాడు తాతయ్య. "విప్పని వస్తువు ఎట్లా చెడుతుందిరా? చెడేది మనిషే."

తలుపు చాటున లూర్దు జడ చివర వేలికి చుట్టుకుంది.

కెమెరా పక్కన పెట్టి చూస్తే అమలమ్మ ఒక్కతే కనిపించేది. అది రెండో కన్ను సర్దుబాటు చేస్తున్న సంగతని, ఒంటి కంటితో చూసే కెమెరా ముందు బండారం బయటపడిందని తాతయ్య తేల్చాడు. అయితే ఒక కన్ను మూసి చూడమన్నారు. చూశాడు. కానీ అప్పటికే ఆ కంట్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళలోంచి చూస్తే అమలమ్మ ఇద్దరేం ఖర్మ, నలుగురు.

కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గోడ మీది అక్షరాలన్నీ తాతయ్య గడగడా చదివేశాడు. కన్ను బంగారంలా ఉందన్నాడు డాక్టరు. అయినా రెండు కనపడుతున్నాయని ఈయన ఒట్టు వేసి చెప్తుంటే, ఎందుకైనా మంచిదని తలకు స్కానింగ్ రాశాడు. అందులోనూ ఏమీ లేదు. ఏమీ లేదన్న మాటతోనే ఇంట్లో అసలు భయం మొదలైంది. ఏదో ఒకటి ఉంటే మందు ఉండేది. హెప్సిబా ఫోన్‌లో వెతికి జబ్బుల పేర్లు పైకి చదివింది. ప్రతి పేరుకూ అమలమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

చుట్టాలు రావడం మొదలుపెట్టారు. హనుమాన్ జంక్షన్ నుంచి, కంకిపాడు నుంచి, అరటిపళ్ళతో వచ్చారు. తాతయ్య ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి కెమెరాలోంచి చూసి, "నువ్వూ ఇద్దరే" అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళు తమ రెండో మనిషి కుడి పక్కనున్నాడా ఎడమ పక్కనున్నాడా అని అడిగి తెలుసుకుని మరీ వెళ్ళేవారు. ఒకసారి మేమూ చూస్తామంటే మాత్రం ఇచ్చేవాడు కాదు. చేయి మారితే కెమెరా చెడుతుందని ఆయన నమ్మకం.

చుట్టాలు లేనప్పుడు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. నిద్ర వస్తోందా అని లూర్దు అడిగింది.

"లేదమ్మా. ఉన్న చూపు తిరునాళ్ళకు దాచుకుంటున్నా. ఈసారి ఫోటో తీసేదాకా ఉంటే చాలు."

ఇక ఆగలేకపోయింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు బలమంతా కూడగట్టుకుని, "తాతయ్యా, ఆ కెమెరా…" అంది. అంతవరకే వచ్చింది. తాతయ్య లేచి వెళ్ళి కెమెరా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నాకు తెలుసమ్మా. నువ్వడక్కపోయినా నీకే ఇద్దామనుకున్నా."

ఇంట్లోవాళ్ళంతా చేతిలో ముద్దలు చేతిలోనే ఉంచుకుని ఆమె వంక చూశారు. మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే ఆస్తికి తొందరపడిన పిల్లను ఎలా చూస్తారో అలా చూశారు.

ఆ సాయంత్రం లూర్దు గుడికి వెళ్ళి, చేసిన తప్పులు ఫాదర్‌గారికి చెప్పుకునే పాపసంకీర్తనం వరుసలో నిలబడింది. అక్కడ మొహం కనపడదు. మధ్యలో జల్లెడ లాంటి తెర ఉంటుంది. ఫాదర్‌గారికి చెప్పేస్తే, ఆయన అమ్మమ్మకు చెప్తాడు, అమ్మమ్మ ఆయన మాట కాదనదు. తను నోరు తెరవాల్సింది ఒక్కసారే. పల్లె నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె వేసిన పథకాలన్నిటిలో ఇదే గట్టిది. స్క్రూ సంగతి, స్కానింగ్ సంగతి, అరటిపళ్ళ సంగతి అన్నీ చెప్పింది. తెర అవతల నుంచి దగ్గు వచ్చింది.

"భయపడకమ్మా. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది."

"బయటికి వెళ్ళాలి ఫాదర్."

"వెళ్ళదమ్మా."

"ఒక్క మా అమ్మమ్మకు."

"నా ప్రాణం పోయినా వెళ్ళదు. ఆ ధైర్యం నీకుండాలి" అన్నాడాయన. ఇంటికెళ్ళి తనే చెప్పమన్నాడు, మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు.

జపాలు దారిలో చెప్పుకుంది. మూడో జపం అయ్యేసరికి నిజంగానే కొంచెం ధైర్యం వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పేయాలనుకుంది. లోపల అమలమ్మ గూటి ముందు మోకాళ్ళ మీద ఉంది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. అమలమ్మ మొక్కు మొక్కేసింది. తాతయ్యకు మళ్ళీ ఒకటి ఒకటిగా కనపడితే తిరునాళ్ళలో తలనీలాలు ఇస్తానని. ఎవరివి అన్నది ఇప్పుడు తేలుతోంది.

"నావా? వెల్లుల్లిపాయంత ముడి. అదిస్తే మాత ఏమనుకుంటుంది? ఇంట్లో ఉన్నదాంట్లో మంచిదివ్వాలి" అంది అమలమ్మ.

హెప్సిబాకూ మంచి జుట్టే ఉంది. ఆమె మెల్లగా కొంగు తల మీదికి లాక్కుంది. "లూర్దుకైతే చిన్న వయసు అత్తయ్యగారూ, తొందరగా వచ్చేస్తుంది."

"అసలు ఆ లూర్దుమాత తల్లి పేరు పెట్టుకున్న పిల్లే" అంది అమలమ్మ, అంతకన్నా రుజువేం కావాలన్నట్టు.

ఆడపిల్ల కదా, మూడు కత్తెరలు ఇప్పిస్తే సరిపోతుందేమోనని ఆమోసు నసిగాడు. అయితే మీ నాన్నకు కూడా మూడు కత్తెరలంత చూపు వస్తే సరిపోతుందా అని అమలమ్మ అడిగింది. ఆమోసు బయటికి వెళ్ళిపోయాడు.

లూర్దు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇప్పుడు నిజం చెప్తే జుట్టు కోసం కట్టిన కథ అంటారు. చెప్పకపోతే తాతయ్య గోడవైపు తిరిగి కూర్చునే ఉంటాడు. కెమెరా బాగుచేస్తే తనకు గుండు. చేయకపోతే తాతయ్యకు బతికుండగానే చీకటి. జడ ముందుకు వేసుకుని దాని చివర పట్టుకుని ఆ రాత్రంతా పడుకుంది, రైల్లో సంచీ పట్టుకుని పడుకున్నట్టు.

మర్నాడు ఫాదర్‌గారు రోగి కోసం ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చాడు. అమలమ్మ జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది. ఆయన మొదటిసారి వింటున్నట్టే విన్నాడు. ఆ కాసేపట్లో లూర్దు వంక ఒక్కసారి కూడా చూడలేదు, బల్ల మీదున్న కెమెరా వంక అసలే చూడలేదు. సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తూ ప్రార్థించాడు. లూర్దు ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన ఇంకా పొడిగించాడు. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

"ఫాదర్‌గారికి కూడా ఒంట్లో బాగున్నట్టు లేదు. ఫ్యాన్ కిందే చెమటలు పట్టాయి" అన్నాడు ఆమోసు.

మధ్యాహ్నం ముందు గదిలో అందరూ జపమాల మొదలుపెట్టారు. లూర్దు వెనక గదిలో కెమెరా ముందు కూర్చుంది. జడ ముందుకు జారితే ఒకసారి దాన్ని చూసుకుని వెనక్కి వేసేసింది. తాతయ్యే గెలిచాడు. మూత విప్పింది.

స్క్రూ వెనక్కి తిప్పాలి. ఎంత తిప్పాలి? మొదట అది ఎక్కడుండేదో ఆమె చూసుకోలేదు. కొంచెం తిప్పి, కిటికీలోంచి ఎదుటి గోడ మీది క్యాలెండర్ చూసి, మళ్ళీ కొంచెం తిప్పింది. రెండు క్యాలెండర్లూ దగ్గరికి జరిగాయి. ఇంకొంచెం. ఇక వెంట్రుకవాసి ఉందనగా లోపల బంగారు రంగు పూత ఉన్న పల్చటి గాజు మీద చిన్న నలుసు కనపడింది. ఇంత చేసి నలుసెందుకు వదలాలి? చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ఒక్కసారి తుడిచింది. నలుసు పోయింది. బంగారం కూడా పోయింది. అంతా దూదికి వచ్చేసింది.

కిటికీలోంచి చూసింది. రెండో క్యాలెండర్ లేదు. దాన్ని పుట్టించేది ఆ పూతే. ఇప్పుడు రింగు ఎటు తిప్పినా, దగ్గరైనా దూరమైనా ఒకటే బొమ్మ. తాతయ్య కళ్ళు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. కెమెరాకే ఇప్పుడు నిజంగా చూపు పోయింది. లూర్దు ఏడవడానికి కూడా ఓపిక లేక మూత బిగించింది.

సరిగ్గా అప్పుడే తాతయ్య గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఒక్కసారి ఇవ్వమ్మా, మీ అమ్మమ్మ జపం చేస్తుంటే చూసుకుంటాను, మళ్ళీ నీకే ఇచ్చేస్తాను అన్నాడు. ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఆయన ముందు గది గుమ్మంలో నిలబడి కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

"అమలా."

"జపంలో ఉన్నానండీ."

"ఒక్కదానివే ఉన్నావే."

అమలమ్మ చేతిలోని జపమాల జారి నేల మీద పడింది. ఆమోసును చూశాడు, ఒక్కడే. హెప్సిబా ఒక్కతే. తాతయ్య కెమెరా గుండెలకు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరూ ఏడ్చారు. సందులో సగం మంది గుమ్మం ముందు చేరారు. అమలమ్మ వాళ్ళకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు లూర్దు నోరు విప్పింది. పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద గొంతుతో మాట్లాడటం అదే మొదలు. కెమెరా తనే విప్పానని, తనే చెడగొట్టానని, ఇప్పుడు మళ్ళీ విప్పి ఇంకా ఎక్కువ చెడగొట్టానని, తాతయ్య కళ్ళకు ఎప్పుడూ ఏమీ కాలేదని చెప్పింది.

ముందు హెప్సిబా నవ్వింది. "ఆవకాయ జాడీ మూత తీయలేక నన్ను పిలుస్తుంది. ఇది కెమెరా మూత తీసిందట."

లూర్దు బుల్లి స్క్రూడ్రైవర్ తెచ్చి చూపించింది. ఇది నా కళ్ళజోడుది కదమ్మా అని ఆమోసు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"జుట్టు మీద ఆశమ్మా, తప్పు లేదు" అంది అమలమ్మ, పక్కింటివాళ్ళతో. "కానీ ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేని పిల్ల, ఎంత పెద్ద అబద్ధం ఆడిందో చూశారా? మాటలొచ్చాయి, అదీ మాత మహిమే."

తిరునాళ్ళ రోజు కొండ కింద వరుసలో లూర్దు వంతు వచ్చింది. తల వంచమన్నాడు మంగలి. వంచింది. ఇన్నేళ్ళ జడ కాసేపట్లో నేల మీదికి వచ్చింది. కొండగాలి తలకు నేరుగా తగిలింది. కాలేజీలో ఇక తనను ఏమని పిలుస్తారో ఆలోచించి, తెలిసిపోయి, ఆలోచించడం మానేసింది.

తాతయ్య అందరినీ మెట్ల మీద నిలబెట్టాడు. ఆయన మొహంలో అంత వెలుగు ఎవరూ చూసి ఎరుగరు. రింగుకు చేయి కూడా వేయకుండా టకటకా నొక్కుతున్నాడు. రింగు తిప్పమని లూర్దు పై మెట్టు మీద నుంచి అంది.

"తిప్పే పనే లేదమ్మా. చూడగానే ఒకటిగా ఉంటున్నారు. మాత నాకు ఆ శ్రమ కూడా తగ్గించింది."

వినపడలేదేమోనని ఆమె మెట్లు దిగి, ఆయనకు చేరువగా వచ్చి, మళ్ళీ చెప్పబోయింది. ఆయన అప్పుడే ఇంకోటి నొక్కాడు. రీలు అయిపోయింది.

రీలును హైదరాబాదు పంపి కడిగించారు. కవరు వచ్చిన రోజు అందరూ ముందు గదిలో చేరారు. ఆమోసు ఒక్కో ఫోటో తీసి ఒక్కొక్కరికి అందించాడు. కొండ పొగలా ఉంది. జనం పొగలో పొగలా ఉన్నారు. అమలమ్మ ఎవరో హెప్సిబా ఎవరో చీర రంగును బట్టి తెలుసుకోవాల్సిందే. ఆఖరి ఫోటోలో మాత్రం, రింగు దగ్గరి మనిషి కొలతకే ఆగిపోయి ఉన్నందుకు, ఒకటి స్పష్టంగా పడింది. అది కెమెరా దగ్గరికొచ్చి నోరు తెరిచి నిలబడిన లూర్దు గుండు. గాట్లతో సహా పడింది.

అమలమ్మ మొహం పాలిపోయింది. తీసినవాడి చూపు మసకైతేనే కదా ఫోటో మసకయ్యేది. ఏవండీ, జబ్బు మళ్ళీ తిరగబెట్టిందండీ అంటూ గూటి ముందుకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. కూర్చుని, ఇంట్లో ఉన్న తలలన్నీ ఒకసారి కలయజూసింది. చూపు హెప్సిబా దగ్గర ఆగింది.

హెప్సిబా ఒక్క ఉదుటున లేచింది.

"ఆ రోజే చెప్పింది కదండీ అత్తయ్యగారూ, కెమెరా చెడిపోయిందని. మన లూర్దు ఎన్నడన్నా అబద్ధం ఆడిందా? ఆ స్క్రూడ్రైవర్ కూడా చూపించిందే పాపం, ఈయనే జేబులో పెట్టుకున్నారు. చూడండి మామయ్యగారూ, ఆ రింగు తిప్పి చూడండి ముందు."

తాతయ్య కెమెరా తీసుకున్నాడు. రింగు ఇటు చివరిదాకా తిప్పాడు. అటు చివరిదాకా తిప్పాడు. ఎదుటి బొమ్మ పక్కన జరిగే బొమ్మే లేదు. కెమెరా దించి లూర్దు వంక, లూర్దు తల వంక చాలాసేపు చూశాడు.

"నువ్వే విప్పావా?"

"అవును తాతయ్యా."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

ఇన్నాళ్ళకు అందరూ ఆమె మాట నమ్మారు. అమలమ్మ మోకాళ్ళ మీద నుంచి లేచి చీర సర్దుకుంది. ఇచ్చింది ఎటూ ఇచ్చేశామని, మాత దగ్గర ఏదీ ఊరికే పోదని, ఇక ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా ఇదే అడ్వాన్సు కింద జమ అవుతుందని గూటికి చెప్పింది. హెప్సిబా ఆమేన్ అంది, ఎప్పుడూ లేనంత గట్టిగా.

తాతయ్య కెమెరా తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు. తనే విప్పి చూస్తాడట. లూర్దుకు ప్రాణం లేచి వచ్చింది. మామయ్య జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, గుండు మీది చున్నీ సర్దుకుంటూ ఆయన వెనకే పరిగెత్తింది. ఏ స్క్రూ ఎక్కడుందో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. గుమ్మంలో నిలబడి, "నేనూ సాయం చేస్తా తాతయ్యా" అంది.

తాతయ్య ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకున్నాడు. తల మీద ఒకసారి చేయి వేసి నిమిరాడు. తర్వాత తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఆ గడియ మాత్రం ఎక్కడా వదులుగా లేదు.